దూదమ్మ పగ

ఆ వానాకాలమంతా మా ఇంట్లో ఒకటే మాట. పిల్లి పగబట్టింది.

పగబట్టడానికి అదేమైనా తాచుపామా? పిడికెడు మొహం, దూదిపింజలాంటి తెల్లటి ఒళ్లు, వంటింట్లో గరిటె జారిపడితే మంచం కిందికి దూరే ప్రాణం. దానికి మా మీద పగట, కక్షట! ఆ మాట విన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఇప్పుడు తలుచుకున్నా ఎక్కుతుంది.

ఆ మాట మొదట అన్నది మా బావగారు. మా ఆయనకు అన్న, మా సోఫా కొట్టుకు పెద్ద మేస్త్రీ, పెళ్లీ పెటాకులూ లేని మనిషి. మా ఆయన, ఆయన కలిసి కుర్చీలకు, సోఫాలకు సీట్లు బిగిస్తారు. నేను మిషను మీద తొడుగులు కుడతాను. అత్తయ్య దారాలు ఎక్కించి గుండీలు కుడుతుంది. పేరుకు నలుగురం పనివాళ్లం గానీ, ఇంట్లో నోరున్నది ఒక్క బావగారికే. మిగతావాళ్లకు చేతులు మాత్రమే ఉన్నాయని ఆయన నమ్మకం.

ఆ ఏడు వానలు ముందే దిగాయి. కొట్టు పైకప్పు జల్లెడలా కారడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే పెద్ద పని తగిలింది. ఏళ్ల తరబడి మూతబడిన హోటలు ఒకదాన్ని ఎవరో కొని మళ్లీ తెరుస్తున్నారు. దాని కుర్చీలన్నీ ఆ హోటలు వెనక షెడ్డులో గుట్టగా పడి ఉన్నాయి. వాటి సీట్లు విప్పి, లోపల కొత్త కొబ్బరి పీచు, కొత్త దూది పరిచి, కొత్త గుడ్డ తొడిగి ఇవ్వాలి. వానలు వెలిసేలోగా హోటలు తెరవాలట.

"నాలుగు రోజులు ఇంట్లో పెట్టుకుని చేద్దాం" అన్నారు బావగారు.

బావగారి నాలుగు రోజులు ఎంతుంటాయో నా పెళ్లయిన కొత్తలోనే నాకు తెలిసింది. మర్నాటికల్లా హాలు నిండింది, నడిమి గది నిండింది. ఇంట్లో చెమ్మ తగలని గది ఒక్కటే, అత్తయ్యది. అందులో తయారైన కుర్చీలు పెట్టాలన్నారు, గుడ్డకు మరకలు పడకుండా. అత్తయ్య మంచం నడిమి గదిలోకి జరిగింది. అక్కడ అడ్డమని హాల్లో ఓ మూలకు జరిగింది. అక్కడా అడ్డమైతే వంటింటి పక్కన నడవలోకి చేరింది. అటు స్నానాలగది, ఇటు పెరటి తలుపు. వచ్చేపోయేవాళ్ల కాళ్లు మంచానికి తగులుతూనే ఉంటాయి.

"ముసలావిణ్ని దారిలో పడుకోబెడతారా?" అని మా ఆయన్ని నిలదీశాను.

"నాలుగు రోజులేగా. అమ్మే ఏమీ అనలేదు, మధ్యలో నీకెందుకు?"

నోరు తెరిచి అనకపోతే బాధ లేనట్టే, మా ఇంటి మగవాళ్ల లెక్క అది. అత్తయ్య నిజంగానే ఏమీ అనలేదు. "నాకేంటమ్మా, ఎక్కడైనా నిద్రపోతాను" అంటూ దిండు చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. వెనకే దూదమ్మ.

దూదమ్మ అత్తయ్య పిల్లి. కళ్లు తెరవని పిల్లగా ఉన్నప్పుడు మా కొట్టులో దూది బస్తా వెనక దొరికితే కొంగులో చుట్టి తెచ్చుకుంది. అత్తయ్య గదిలో కిటికీ కింద ఉన్న పెట్టె దాని సింహాసనం. పెరట్లో గోడవార మట్టిలో పని కానిచ్చుకుని, కాళ్లు దులుపుకుని లోపలికి వచ్చేది. ఇన్నేళ్లలో ఇంట్లో చుక్క తడి చేసిన పాపాన పోలేదు.

మొదటిసారి తడిసింది ఓ కొత్త కుర్చీ. నేను కుట్టిన పచ్చ తొడుగు మీద నల్లగా మరక. ఆ వాసన ఇల్లంతా కొట్టింది. బావగారు పెట్టిన కేకకు వీధిలో కుక్కలు మొరిగాయి.

"ఎక్కడది? ఎక్కడుంది?"

మంచం కింద నుంచి దాన్ని మెడ పట్టి లాక్కొచ్చారు. దాని నాలుగు కాళ్లూ గాల్లో బిగుసుకుపోయాయి. తీసుకెళ్లి ఆ తడి మీద దాని ముక్కు పెట్టి రుద్దారు.

"బావగారూ, వదలండి!"

"ఇలా చేస్తేనేనమ్మా వాటికి బుద్ధొచ్చేది. నీకు తెలీదు."

"చంటిపిల్ల పక్క తడిపితే ఇలాగే రుద్దుతారా?"

"చంటిపిల్లకు తెలీదు. దీనికి తెలుసు. కావాలని చేసింది. చూడు ఆ కళ్లు, ఎంత పగో!"

నేను చూశాను. ఆ కళ్లలో నల్లగుడ్డు తప్ప ఇంకేం కనబడలేదు, అంత భయంతో విచ్చుకుపోయి ఉన్నాయి. పొడుగూ పొట్టీ అన్నీ అంగుళాల్లో చెప్పే మనిషికి భయానికీ పగకూ తేడా తెలియలేదు. అత్తయ్య గిన్నెలో నీళ్లు, గుడ్డ తెచ్చి, ఎవరి వైపూ చూడకుండా నేల తుడిచింది. బావగారు ఫినాయిల్ సీసా తెచ్చి ఆ తుడిచిన చోట గుమ్మరించారు.

ఆ తరువాత అది రోజువారీ వ్యవహారమైంది. ఓసారి కుర్చీ మీద, ఓసారి గుమ్మం దగ్గర, ఓసారి అత్తయ్య దుప్పటి మీద. బావగారు అరిచేవారు, ఫినాయిల్ పోసేవారు. పిల్లి ఇంకా లోపలికి ముడుచుకునేది. తిండి సగానికి తగ్గింది. పొట్ట నాకినచోటే నాకి నాకి వెంట్రుకలు రాలిపోయి లోపలి తోలు కనబడింది. మా ఆయన సంగతి సరేసరి. అన్న ముందు "అవునన్నయ్యా, ఇదేం గోల" అని, గదిలోకొచ్చి "పాపం, దానికేమైందో" అనేవాడు. గోడ మీద పిల్లి అంటే మా ఇంట్లో నాకు ఆయనే గుర్తొచ్చేవాడు, దూదమ్మ కాదు.

చివరికి నేనే దాన్ని మూత ఉన్న బుట్టలో పెట్టి, అత్తయ్యను వెంటబెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరమ్మ చిన్నదే గానీ, పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నట్టుంది, మొహం వాడిపోయింది. అయినా దూదమ్మను తొందరపెట్టలేదు. బుట్టలో నుంచి అదే బయటికి వచ్చేదాకా ఆగింది. పొట్ట నొక్కి చూసింది, మూత్రం పరీక్ష చేయించింది.

"ఒంట్లో ఏ జబ్బూ లేదండీ. ఇది బెదురు. ఇంట్లో ఈ మధ్య ఏమైనా మారిందా?"

నేను నోరు తెరిచేలోగా అత్తయ్య అంది, "ఏమీ మారలేదమ్మా. అంతా మామూలే."

నా చెవులను నేను నమ్మలేకపోయాను. గది పోయింది, మంచం నడవలో పడింది, ఇల్లు గోదామైంది, అయినా అంతా మామూలే! కొడుకు మీద ఈగ వాలనివ్వని తల్లులుంటారని విన్నాను. ఆ ఈగ తన మీద వాలినా ఫరవాలేదనుకునే తల్లిని అప్పుడే చూశాను.

"మామూలేంటి అత్తయ్యా! మీరెక్కడ పడుకుంటున్నారో చెప్పండి డాక్టరుగారికి."

అత్తయ్య బుట్ట మూత సర్దుకుంది. అంతా నేనే చెప్పాను. కుర్చీలు, షెడ్డు, గది, అరుపులు, ముక్కు రుద్దడం, ఫినాయిల్. చెప్తూ చెప్తూ నా గొంతు పెరిగింది. బయట కుక్కపిల్లతో కూర్చున్నాయన తొంగిచూశాడు.

డాక్టరమ్మ అంతా విని, మెల్లగా చెప్పింది. "ముందు ఆ ఫినాయిల్ ఆపండి. పిల్లులకు అది విషం. సబ్బునీళ్లతో కడగండి, వాసన పోవడానికి ఒక మందు రాసిస్తాను. తిట్టడం, రుద్దడం అసలు వద్దు. ఎందుకు తిట్టారో దానికి అర్థం కాదు, మీరంటే భయం మాత్రం మిగులుతుంది. వెడల్పాటి తొట్టెలో శుభ్రమైన ఇసుక పోసి ప్రశాంతంగా ఉన్నచోట పెట్టండి. అన్నిటికన్నా ముఖ్యం, దానికి అలవాటైన గది దానికివ్వండి. తలుపు వేసి ఉంచండి. కొత్త వస్తువులు, కొత్త వాసనలు లోపలికి పోకూడదు. నాది అనుకునే చోటు ఒకటి ఉంటే చాలు, చాలావరకు అదే కుదుటపడుతుంది."

తిరిగి వస్తుంటే గొడుగు కింద అత్తయ్య చిన్నగా నవ్వింది.

"గదట" అంది.

ఆ నవ్వు నాకు నచ్చలేదు.

భోజనాల దగ్గర ఆ మాట చెప్పాను. బావగారు ముద్ద చేతిలోనే ఆపి మా ఆయన వైపు తిరిగారు.

"విన్నావా? పిల్లికి గదట! రేపు పరుపూ ఫ్యానూ అడుగుతుంది. తయారైన కుర్చీలు తీసి నా నెత్తిన పెట్టుకోవాలా?"

మా ఆయన మజ్జిగ కలుపుకోవడంలో మునిగిపోయాడు.

అయితే మర్నాడు బావగారు ఒక ఉపకారం చేశారు. పాత బీరువా సొరుగు ఒకటి తెచ్చి నడవలో పెట్టారు. "ఇసుక దేనికమ్మా, మన దగ్గర రంపపు పొట్టు బస్తాలు బస్తాలుంది" అంటూ దాన్నిండా పొట్టు పోశారు. కుర్చీల నుంచి ఊడదీసిన పాత సీటు గుడ్డలు నాలుగు మడతలు పెట్టి దానికి పడక కూడా వేశారు. పిల్లికి బిచ్చం పెట్టని మనిషి పరుపు వేశాడంటే నేనూ ఒక్క క్షణం మెత్తబడ్డాను. దూదమ్మ వచ్చింది. సొరుగు వాసన చూసి తుమ్మింది. పడక వాసన చూసి, వీపు విల్లులా వంచి, ఒంటి మీద వెంట్రుకలన్నీ లేపి, వెనక్కి వెనక్కి నడిచి పెరటి తలుపు సందులో దాక్కుంది. సాయంత్రానికి ఇంకో కుర్చీ తడిసింది.

"చూశావా? మెత్తటి పరుపు వేస్తే కూడా! ఇది పగ కాక ఏంటమ్మా?" అన్నారు బావగారు, ఏదో గెలిచినట్టు.

నేను ఆ సొరుగు పెరట్లోకి లాక్కెళ్లి ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. పాలిష్ కొట్టిన చెక్కను గీకిన పొట్టు అది. స్పిరిటు ఘాటుకు నాకే కళ్లు చెమర్చాయి. పుట్టినప్పటి నుంచీ ఆ వాసనలోనే బతికిన మనిషికి అది వాసనే కాదు. పొట్టు పారబోసి, కడిగి, వీధి చివర ఇల్లు కడుతున్నవాళ్లను అడిగి ఇసుక తెచ్చి పోశాను. అత్తయ్య తన పాత చీర ముక్క పడకగా వేసింది. మర్నాడు దూదమ్మ ఆ ఇసుక తవ్వుతున్న చప్పుడు విని, నేనూ అత్తయ్యా వంటింట్లో ఒకళ్ల చెయ్యి ఒకళ్లం పట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. పరీక్ష రాసే పిల్లల గది బయట తల్లులు నిలబడినట్టు.

కానీ అది నడవ. ఎవరో ఒకరు కుర్చీ ఎత్తుకుని పోతూనే ఉంటారు. ఒకసారి మా ఆయన కాలు సొరుగుకు తగిలి ఇసుక నేలంతా చిందింది. దూదమ్మ మళ్లీ అటు రాలేదు.

నాకు ఒక్కటే అంతు చిక్కలేదు. పాత కుర్చీలంటే సరే. మేం కొత్త గుడ్డ తొడిగినవాటిని ఎందుకు తడుపుతోంది? అవైనా అన్నిటినీ తడపడం లేదు. వరసలో ఒకదాన్ని వదిలేసి పక్కదాన్ని పట్టుకుంటుంది. అత్తయ్య గదిలోకి ఎలాగో దూరి, ఒక కుర్చీ పక్కనుంచి నిమ్మళంగా నడిచి, రెండో కుర్చీ దగ్గర ఆగి, వాసన చూసి, వణికి, తోక ఆడించి తడిపింది. నా కళ్లారా చూశాను. వదిలేసినది మా ఆయన బిగించిన సీటు. తడిపినది బావగారు బిగించినది. ఇద్దరి మేకులు కొట్టే తీరు వేరు, నాకు చూస్తే తెలుస్తుంది.

మేకులు ఊడదీసే పట్టకారు తెచ్చి ఆ సీటు విప్పాను. పైన కొత్త దూది, పేపరంత పలచగా. దాని కింద నల్లగా పాత పీచు. ఆ పీచులో చిక్కుకుని గోధుమ రంగు వెంట్రుకలు, కుచ్చులు కుచ్చులుగా. హోటలు షెడ్డులో ఇన్నేళ్లూ ఎన్ని వీధిపిల్లులు ఆ కుర్చీల్లో పడుకున్నాయో, ఎన్ని పిల్లలు పెట్టాయో! పాత సరుకే లోపల పెట్టి పైన పచ్చ గుడ్డ తొడిగేశారు. హోటలువాళ్లకు చెప్పింది అంతా కొత్తదని.

మా పిల్లి పాపం ఏం చేసింది? దాని గది నిండా పరాయి పిల్లులను కూర్చోబెట్టాం. అవి కంటికి కనబడవు, వాటి వాసన మాత్రం వదలదు. ఎటు తిరిగినా అవే. దానికి చేతనైన చోటల్లా ఇది నా ఇల్లు, ఇది నా ఇల్లు అని వణుకుతూ చెప్పుకుంది. దానికి మేం పెట్టిన పేరు పగ.

గుప్పెడు వెంట్రుకలు తీసుకెళ్లి హాల్లో బావగారి ముందు పెట్టాను.

"ఇవి దూదమ్మవి కావు. మీరు బిగించిన సీటులోవి."

ఆయన వాటి వైపు చూసి, తలుపు వైపు చూసి, గొంతు తగ్గించారు. "విప్పావా? ఎవరు విప్పమన్నారు నిన్ను?"

"కొత్త పీచు పెట్టమన్నారు కదా వాళ్లు."

"వానల్లో పీచు దొరకొద్దూ? ఉన్నది ఎండబెట్టి వాడాను. ఏళ్లనాటి పని నాది, నాకు నేర్పకు. పైన గుడ్డ కొత్తది. లోపలేముందో ఎవరికి తెలుస్తుంది?"

"పిల్లికి తెలిసింది."

నేను వేళాకోళానికి అనలేదు. కానీ గోడ పక్కన మేకులు ఏరుతున్న మా ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. బావగారి మొహం ఎర్రబడింది. నేనేమన్నా ఆయన ఓర్చుకునేవారేమో, తమ్ముడి నవ్వు మాత్రం ఓర్చుకోలేకపోయారు.

"సరే. ఆదివారం దాన్ని సంచిలో వేసి గోదాముల దగ్గర వదిలేసి వస్తాను. అక్కడ బోలెడు ఎలుకలు, హాయిగా బతుకుతుంది. ఇక ఈ ఇంట్లో దీని మాట ఎత్తద్దు."

హాయిగానట! లారీలు తిరిగే చోట, వానలో, గరిటె చప్పుడుకే మంచం కింద దూరే పిల్లి. పగబట్టిందెవరో అప్పుడు నాకు బాగా అర్థమైంది. మా ఆయన్ని గదిలోకి లాగి తలుపేశాను.

"మీరైనా చెప్పరేం?"

"అన్నయ్యకు కోపం తగ్గనీ. తర్వాత చూద్దాం."

"తర్వాతంటే ఎప్పుడు? సంచి మూతి కట్టాకా?"

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బయటికి జారుకున్నాడు.

నడవలో అత్తయ్య మంచం మీద కూర్చుని గుండీలు కుడుతోంది. అంతా వినే ఉంటుంది, ఆ నడవలోంచి ఈ ఇంట్లో వినబడనిది లేదు. ఆవిడ కాళ్ల దగ్గర దూదమ్మ తోక కొస కనబడుతోంది. నా కోపమంతా ఆవిడ మీదికి మళ్లింది.

"మీరేం అనరా అత్తయ్యా? మీ పిల్లి. మీ కొడుకు. మీ ఇల్లు."

"వాడు మొండివాడమ్మా. చిన్నప్పటి నుంచీ అంతే."

"పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందంటారు. మీకు తిరగబడటానికి గది కూడా లేకుండా చేశారు!"

అత్తయ్య దారం కొరికి, సూది గుడ్డలో గుచ్చింది. అంత మాట ఎందుకన్నానా అని నాకే అనిపించింది గానీ, వెనక్కి తీసుకోలేదు. ఎందుకు తీసుకోవాలి?

ఆదివారం తెల్లవారుజామున చెక్క నేల మీద ఈడుస్తున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. వాన వెలిసింది. హాల్లోకి వెళ్లి చూస్తే అత్తయ్య తన గదిలోంచి ఒక కుర్చీని వీపు పట్టుకుని బయటికి లాగుతోంది. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుంది. అప్పటికే కొన్ని బయట అరుగు మీద ఉన్నాయి. నన్ను చూసి ఆగింది, ఊపిరి తీసుకుంది.

"అటువైపు పట్టు" అంది.

పట్టాను. ఒక్కో కుర్చీ తీసుకెళ్లి అరుగు మీద పెట్టి, తిరిగి వచ్చి, ఇంకోటి పట్టుకున్నాం. గది ఖాళీ అయ్యాక ఆవిడ సబ్బునీళ్లతో నేల కడిగింది, నేను పొడిగుడ్డతో తుడిచాను. మంచం పట్టలేదు గుమ్మంలో, పక్కకు తిప్పి దూర్చాం. పెట్టె కిటికీ కిందికి జరిపాం. ఇసుక సొరుగు మూలన పెట్టాం. అత్తయ్య నడవలోకి వెళ్లి, దూదమ్మను చీరకొంగులో చుట్టుకుని వచ్చి, గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసింది. లోపల గడియ పడింది. ఆ గదికి గడియ ఉందన్న సంగతి అప్పటిదాకా నాకు తెలియదు.

బావగారు గోనెసంచి తీసుకుని వచ్చారు. నడవలో మంచం లేదు. అరుగు మీద కుర్చీలున్నాయి. తలుపు మూసి ఉంది. నేను వంటింట్లో స్టవ్ వెలిగిస్తూ చూస్తున్నాను.

తలుపు నెట్టారు. రాలేదు. మళ్లీ నెట్టారు.

"అమ్మా! ఏంటిది? తలుపు తియ్. కుర్చీలు బయట పెట్టారేంటి, మళ్లీ వాన వస్తే?"

సంచిని ఇంకో చేతిలోకి మార్చుకున్నారు.

"పిల్లి కోసం ఇంత రాద్ధాంతమా? పిల్లికి గదేంటమ్మా, నవ్విపోతారు!"

"పిల్లికి కాదురా" అంది అత్తయ్య. గొంతు ఎప్పటిలాగే ఉంది. "నాకు."

బావగారు సంచి పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆయనకు తెలిసిన కేకల్లో దానికి సరిపోయే కేక లేదు. నావైపు చూశారు. నేను పాలు పొంగకుండా చూసుకుంటున్నాను. అప్పుడు మా ఆయన గదిలోంచి వచ్చాడు. తల్లి తలుపు చూశాడు, అన్న చేతిలో సంచి చూశాడు. అరుగు మీదికెళ్లి ఒక కుర్చీ ఎత్తి బోర్లించి, అడుగు మేకులు తడిమి చూసి, పక్కన పెట్టాడు. ఇంకోటి ఎత్తాడు.

"ఏం చేస్తున్నావురా?"

"నువ్వు బిగించినవి వేరు చేస్తున్నానన్నయ్యా. మళ్లీ విప్పుదాం. హోటలు హాలు ఖాళీగానే ఉందిగా, అక్కడే పెట్టుకుని చేద్దాం. బండి పిలుచుకొస్తాను."

"అక్కడ మేనేజరు రోజూ చూస్తుంటాడు."

"చూడనీ. కొత్త పీచే పెడదాం."

పెళ్లయినప్పటి నుంచీ మా ఆయన అన్న ముందు ఒక ముగింపు ఉన్న మాట అనడం నేను వినడం అదే మొదటిసారి. సంబరపడ్డాను. ఇన్నాళ్లూ ఏ గోడెక్కి కూర్చున్నావయ్యా అని మండిపోయాను కూడా. రెండూ ఒకేసారి.

మధ్యాహ్నానికి కుర్చీలన్నీ బండెక్కి హోటలుకు పోయాయి. బావగారు బండి ముందు కూర్చున్నారు. గోనెసంచిని మా ఆయన ఊడదీసిన పాత పీచు నింపడానికి వాడాడు.

దూదమ్మ మర్నాటికే మామూలైపోయిందని చెప్పను, అలా ఏమీ కాలేదు. గడప దాటి రాలేదు. అత్తయ్య దాని దగ్గరే నేల మీద కూర్చుని గుండీలు కుట్టుకునేది, దాన్ని పిలిచేది కాదు, ఎత్తుకునేది కాదు. దూదమ్మ ఒకసారి దుప్పటి తడిపింది. అత్తయ్య తిట్టలేదు, గబగబా లేవలేదు, సబ్బునీళ్లు తెచ్చి కడిగి, డాక్టరమ్మ ఇచ్చిన మందు రాసి ఆరేసింది. అది మెల్లగా ఇసుకకు అలవాటు పడింది. మెల్లగా పెట్టె ఎక్కింది. ముసురు వదిలే రోజులకు పొట్ట మీద నూగులా తెల్లటి వెంట్రుకలు మొలిచాయి. ఓ సాయంత్రం హాల్లోకి వచ్చి, ఖాళీ నేలంతా వాసన చూసుకుంటూ తిరిగి, నా మిషను కింద వెల్లకిలా పడుకుంది. నేను కుట్టడం ఆపేసి అలాగే కూర్చున్నాను. ఏడుపొచ్చింది.

అంతటితో నా కోపం చల్లారిందనుకుంటున్నారా? అసలు వినండి. హోటలు తెరిచాక మేనేజరు మా ఇంటికి వచ్చాడు, ఇంకేదో సోఫా పని మాట్లాడటానికి. బావగారు మర్యాదగా కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, మూసిన తలుపు చూపించారు.

"అది మా పిల్లి గదండీ! దానికి కాస్త భయం జబ్బు చేస్తే డాక్టరు ప్రత్యేకంగా గది ఇమ్మంది. ఏం చేస్తాం, మూగజీవి. ఇచ్చేశాం."

మేనేజరు ముచ్చటపడిపోయాడు. "ఎంత మంచి మనసండీ మీది!" అన్నాడు.

నేను కాఫీ పళ్లెం ఠప్పున బల్ల మీద పెట్టాను. వీధిలో కూడా ఇదే ప్రచారం చేశారని తరువాత తెలిసింది. పిల్లికి గది ఇచ్చిన ఇల్లట మాది! కూరగాయలమ్మాయి, పక్కింటి టీచరు, అందరూ పిల్లి ఎలా ఉందని అడిగేవారే. ఇన్ని వానలు నడవలో పడుకున్న మనిషి ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. పిల్లికి గది ఇవ్వడం గొప్ప మనసు. తల్లికి తన గది తిరిగి ఇవ్వడానికి మాత్రం మా ఇంట్లో పేరే లేదు.

మేనేజరు వెళ్లాక నేను నోరు విప్పబోయాను. అంతలో తలుపు తెరుచుకుంది. అత్తయ్య గుమ్మంలో నిలబడింది.

"పెద్దాడా" అంది బావగారిని. "అది నా గది. పిల్లి నా దగ్గర ఉంటోంది. ఈసారి ఎవరికైనా చెప్తే అలా చెప్పు."

"అదేగా అమ్మా, నేను మాత్రం…"

"ఇంకోటి. లోపలికి రావాలంటే తలుపు కొట్టి రా. నువ్వు దబాలున తోసుకొస్తే భయం వేస్తుంది."

"దానికా?" అన్నారు బావగారు.

అత్తయ్య తలుపు వేసుకుంది.

రెండుమూడు రోజులు బావగారు ఆ వైపు పోలేదు. తరువాత ఓ పొద్దున నేను గుడ్డ కత్తిరిస్తుంటే ఆయన వచ్చి ఆ తలుపు ముందు నిలబడ్డారు. చెయ్యి ఎత్తారు, దించారు. హాల్లో నేనున్నది చూశారు. అప్పుడు వేలి కణుపుతో తలుపు మీద రెండుసార్లు కొట్టారు. తన ఇంట్లో తలుపు కొట్టడం ఆ మనిషికి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. మేకులు కొట్టే చెయ్యి, అంత చిన్న చప్పుడు చేయగలదని నేననుకోలేదు.

"ఎవరూ?" అంది అత్తయ్య లోపల నుంచి.

"నేనేనమ్మా."

"ఏం కావాలి?"

బావగారు ఆలోచించారు. "ఏం లేదు. ఊరికే."



"అయితే కాసేపాగి రా" అంది అత్తయ్య. "ఇప్పుడు పడుకున్నాను."